ఇగువానాను ఇంటికి తెద్దామా, వద్దా? తెచ్చే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పిల్లలు ముచ్చటపడి చూపించే నాటికి ఇగువానా అనే ఈ బల్లిజాతి జీవి జానెడు ఉంటుంది. అందులోనూ సగానికి పైగా తోకే. చిలకపచ్చ రంగు, గుండ్రటి కళ్లు, అరచేతిలో ఒదిగిపోయే ఒళ్లు. "చిన్న గాజుపెట్టె చాలండీ, ఆకులు తింటుంది, అరవదు, కరవదు" అంటారు అమ్మేవాళ్లు. ఆకులు తింటుందన్నదీ అరవదన్నదీ నిజమే. మిగతా రెండూ ఆ వయసు దాటేదాకానే.

మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అదే జీవి తోకతో కలిపి నాలుగున్నర, ఐదు అడుగులవుతుంది. కొన్ని మగవి ఆరడుగుల దాకా పోతాయి. బరువు నాలుగు కిలోలు దాటుతుంది. సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అందుకే ఈ పోలికంతా పిల్లను చూసి కాదు, ఆరేళ్ల ఇగువానాను కళ్లముందు పెట్టుకుని రాస్తున్నాను. పోలిక కోసం పక్కన బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెక్కో అనే రెండు చిన్న బల్లిజాతి జీవులు, నేల తాబేలు కూడా ఉన్నాయి. ఇగువానా మీద మోజుపడ్డ ఇళ్లలో చాలావాటికి నిజంగా సరిపడేది వీటిలో ఒకటి కావచ్చు, ఏదీ కాకపోవచ్చు కూడా.

ఒక చిన్న మాట. ఇగువానాను చూడగానే మనవాళ్లు ఉడుము అంటారు. రెండూ వేరు. ఉడుము మాంసం తినే జాతి. ఇగువానా ఆకులు, పువ్వులు తినే జీవి, చుట్టరికం చూస్తే ఉడుము కంటే తొండకు దగ్గర. పట్టు మాత్రం ఉడుము పట్టే.

## ముందు ఇంటిని కొలుచుకోండి

చోటు. పెద్ద ఇగువానాకు గూడు కనీసం ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండాలి. ఇది చెట్టు మీద బతికే జీవి, ఎత్తులో కూర్చుంటేనే దానికి నిశ్చింత. బీరువా పట్టే చోటు కాదు, రెండు బీరువాలు పట్టే చోటు చూసుకోవాలి. పిల్లగా ఉన్నప్పుడు చిన్న పెట్టెలో పెట్టి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ 'తర్వాత' ఏడాదిన్నరలోనే వచ్చేస్తుంది.

వేడి, వెలుగు. ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం. ఇగువానా ఒంటికి సొంతంగా వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, అదే గూట్లో ఒక మూల అంతకంటే చల్లగా ఉండాలి. అప్పుడే అది అటూ ఇటూ జరుగుతూ ఒంటి వేడిని సరిచేసుకుంటుంది. కడుపులో ఆకులు పులిసి అరగాలన్నా ఈ వేడి కావాలి.

వేడికి తోడు అతినీలలోహిత కిరణాలు, అందులోనూ యూవీబీ ఉండాలి. అవి చర్మానికి తగిలితేనే విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటపడుతుంది. కిటికీ పక్కన పెడితే ఎండ తగులుతోంది కదా అంటారు. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాల్ని దాదాపు రానివ్వదు. అందుకే ప్రత్యేకమైన యూవీబీ ట్యూబులు పెట్టాలి. వాటితో ఒక చిక్కుంది. ట్యూబు చూడ్డానికి చక్కగా వెలుగుతూనే ఉంటుంది, లోపల యూవీబీ మాత్రం తగ్గిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి మార్చాల్సిందే.

మార్చకపోతే? ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోతుంది. దవడ మెత్తబడుతుంది, వేళ్లు వణుకుతాయి. మోసమంతా కాళ్లలో ఉంటుంది. తొడలు బొద్దుగా, గట్టిగా కనిపిస్తాయి. "బాగా ఒళ్లు చేసింది" అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. తీరా అది కండ కాదు, బలహీనపడ్డ ఎముక చుట్టూ వచ్చిన వాపు.

ఇంట్లో ఎవరున్నారు. సరీసృపాలు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే, మనుషులకు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇళ్లకు ఈ జీవులు తగవని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఈ ఒక్క కొలతలో ఇగువానా, డ్రాగన్, గెక్కో, తాబేలు అన్నీ ఒకటే. పాకే పాపాయి ఇంట్లో ఉంటే ఇక్కడితో చదవడం ఆపేసి, ఓ ఐదేళ్ల తర్వాత తిరిగి రండి.

వైద్యం. కుక్కలకు, పిల్లులకు చూసే పశువైద్యులందరూ సరీసృపాలకు చూడరు. జంతువును తెచ్చాక వెతకడం కాదు, తేకముందే ఫోన్ చేసి "ఇగువానాకు చూస్తారా" అని అడగండి. ఇవి జబ్బును దాచుకునే జీవులు. మనకు తెలిసేసరికి ముదిరిపోయి ఉంటుంది.

చట్టం. పచ్చ ఇగువానా అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. అంటే సరిహద్దులు దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి. ఇంట్లో ఉంచుకోవడానికి ఒక్కో దేశానిది ఒక్కో నియమం. కొన్నిచోట్ల నమోదు చేయించాలి, కొన్నిచోట్ల పూర్తి నిషేధం. కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర బేరమే ఆడొద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | పచ్చ ఇగువానా | బియర్డెడ్ డ్రాగన్ | లెపర్డ్ గెక్కో |
|---|---|---|---|
| పెద్దయ్యాక పొడవు | 4.5 నుంచి 6 అడుగులు | 45–60 సెం.మీ. | 20–25 సెం.మీ. |
| ఆయుష్షు | 15–20 ఏళ్లు | 8–12 ఏళ్లు | 15–20 ఏళ్లు |
| గూడు (వెడల్పు, లోతు, ఎత్తు) | 6 × 3 × 6 అడుగులు, కనీసం | 4 × 2 × 2 అడుగులు | 3 × 1.5 × 1.5 అడుగులు |
| వెచ్చటి చోట వేడి | 35–38 డిగ్రీలు | 40 డిగ్రీల దరిదాపు | నేల మీద 31–34 డిగ్రీలు |
| గాలిలో తేమ | 70 శాతం అటూ ఇటూ | 30–40 శాతం | పొడిగా, ఒక తడి మూలతో |
| తిండి | ఆకులు, పువ్వులు, కొద్దిగా కాయలు | పురుగులు, ఆకులు | పురుగులు మాత్రమే |
| మెలకువ | పగలు | పగలు | సందెవేళ, రాత్రి |
| కోపం వస్తే | తోక దెబ్బ, గోళ్లు, పళ్లు | నోరు తెరిచి బెదిరింపు | పారిపోవడం, తోక వదిలేయడం |

తేమ వరుసను ఇంకోసారి చూడండి. 70 శాతం తేమ, 30కి పైబడ్డ వేడి కలిసిన గూడు ఇంట్లో ఉందంటే ఆ గది గోడలకు బూజు పట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గూటికి గాలాడే ఏర్పాటు, లోపలి చెక్కకు నీరు పట్టని పూత తప్పవు.

## ఇగువానా: దగ్గర్నుంచి చూస్తే

ఒక మిత్రుడు ఊరెళ్తూ తన ఏడేళ్ల ఇగువానాను మూడు వారాలు నాకు అప్పగించాడు. మొదటి రోజు పొద్దున గూటి అద్దం మీద తెల్లటి చుక్కలు ఎండిపోయి కనిపించాయి, ఎవరో సున్నం చిలకరించినట్టు. కంగారుపడి ఫోన్ చేస్తే నవ్వాడు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఇగువానా ముక్కులోంచి చీదేస్తుంది. రోజూ తుడుచుకోవడమే.

రెండోరోజు ముద్దొచ్చి తల మీద నిమురుదామని పైనుంచి చెయ్యి పెట్టాను. తోక ఎప్పుడు లేచిందో తెలీలేదు, మణికట్టు మీద బెత్తం దెబ్బలాంటి వాత మాత్రం తేలింది. దాని నడినెత్తిన చిన్న పొలుసులా కనిపించేది నిజానికి మూడో కన్ను. బొమ్మలు కనిపించవు గానీ వెలుగు, నీడ తెలుస్తాయి. పైనుంచి నీడ పడిందంటే దాని లెక్కలో గద్ద వచ్చినట్టే. పక్కనుంచి, కిందినుంచి, అది చూస్తుండగా చెయ్యి తేవాలి. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ వంటబట్టడానికి వారం పట్టింది.

మరో సంగతి. నిమురుతుంటే కళ్లు మూసుకుంటుంది. హాయిగా ఉందేమో అనుకుంటాం. కొన్నిసార్లు అంతే కావచ్చు. చాలాసార్లు మాత్రం "ఈ మనిషి ఇంకా వెళ్లడేం" అన్న ఓర్పు అది. గొంతు కింది తోలుసంచి చాచి, ఒంటిని పక్కలకు నొక్కి పలచగా చేసుకుని, తోక వంచిందంటే మాత్రం ఇక సందేహం లేదు, చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

తిండి ఖర్చు తక్కువ, పని ఎక్కువ. రోజూ తాజా ఆకులు సన్నగా తరగాలి. ఆవాకు, మందార ఆకులు, మందార పువ్వులు బాగా తింటుంది. కాస్త గుమ్మడికాయ తురుము కలపొచ్చు. పాలకూర, తోటకూర రోజువారీ తిండిగా పనికిరావు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటపట్టనివ్వవు. గుడ్డు, మాంసం, కుక్కల తిండి పెడితే ఇష్టంగానే తింటుంది, మూత్రపిండాలు మాత్రం పాడవుతాయి. ఇలాంటి తిండితో పెరిగినవి చూడ్డానికి నిగనిగలాడుతూ ఉండి, నడివయసు రాకముందే పోతాయి.

మగదైతే వయసుకు వచ్చాక ఏటా జోడుకట్టే కాలం ఒకటి ఉంటుంది. ఒంటికి నారింజ రంగు తిరుగుతుంది, తల ఊపడం ఎక్కువవుతుంది. అప్పటిదాకా భుజమెక్కి కూర్చున్నదే మనిషి మీదికి వస్తుంది. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా ఇదే వరస. రంపంలాంటి పళ్లు కాబట్టి కాటు లోతుగా దిగుతుంది, కుట్లు పడొచ్చు. ఆడదైతే ఈ కోపం తక్కువ, కానీ మగతోడు లేకపోయినా గుడ్లు కట్టొచ్చు. తవ్వుకోవడానికి మట్టి పెట్టె లేకపోతే గుడ్లు లోపలే నిలిచిపోతాయి, అది ప్రాణం మీదికి వస్తుంది. చిక్కేమిటంటే జానెడు పిల్లను చూసి ఆడదో మగదో చెప్పలేం. పిల్లను తెచ్చుకుంటే ఈ రెండింట్లో ఏ కష్టం రాబోతోందో తెలియకుండానే తెచ్చుకున్నట్టు.

మంచి ఏమీ లేదా? ఉంది. వేళ కనిపెడుతుంది, మనుషుల్ని గుర్తుపడుతుంది, నీళ్ల తొట్టిలోనే మలవిసర్జన చేసేలా అలవాటు చేయొచ్చు. ఆ తొట్టి దానికే విడిగా ఉండాలి, మన స్నానాల గదిలోదీ వంటింటి సింకూ వద్దు. మూడో వారానికి నేను ఆకుల గిన్నెతో గదిలోకి వెళ్తే తల పక్కకు తిప్పి ఒంటికన్నుతో చూసేది. అంతకుమించి ప్రేమ ఏమీ చూపించలేదు. నాకు అదే చాలనిపించింది, మా అమ్మాయికి సరిపోలేదు. ఇగువానా మీ ఇంటికి పనికొస్తుందా లేదా అన్నది ఈ తేడాలోనే తేలిపోతుంది.

## పిల్లకు బదులు పెద్దదాన్ని తీసుకుంటే

ఇగువానాయే కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకు నా సలహా ఇది: ఎవరో చూసుకోలేక వదిలేసుకుంటున్న పెద్ద ఇగువానాను తీసుకోండి. "మొక్కై వంగనిది మానై వంగునా" అని వెంటనే అడ్డుపడతారు. ఇగువానా విషయంలో ఆ సామెత సగమే పనిచేస్తుంది. పిల్లలు పిరికివి, నెలల తరబడి దాక్కునే ఉంటాయి. కష్టపడి మచ్చిక చేసినా వయసుకు వచ్చాక స్వభావం మళ్లీ మారుతుంది. పెద్దదైతే ఎంత పొడవో, ఆడో మగో, ఎంత కోపిష్టిదో ముందే కనిపిస్తుంది. ఒకటికి నాలుగుసార్లు వెళ్లి, పాత యజమాని దాన్ని ఎలా పట్టుకుంటున్నాడో చూడొచ్చు.

పాత యజమాని చేసిన తప్పులూ మన నెత్తినే పడతాయి, అది నిజం. వంకరపోయిన వెన్ను, దెబ్బతిన్న మూత్రపిండాలు ఉండొచ్చు. ఇంటికి తేకముందే రక్తపరీక్ష, ఎక్స్‌రే చేయించండి. కాగితాలు మీ పేరు మీదికి మారతాయో లేదో కనుక్కోండి.

## బియర్డెడ్ డ్రాగన్

ఆస్ట్రేలియా ఎడారి జీవి. ఇదీ తొండకు దగ్గరి చుట్టమే. పిల్లలున్న ఇల్లు, పగటిపూట మెలకువగా ఉండే జంతువు కావాలి, చేతిలోకి తీసుకోవాలి అంటే ఈ మూడింటికీ కలిపి ఇంతకంటే సరైనది సరీసృపాల్లో తక్కువ. ఒళ్లో కూర్చుంటుంది, చుట్టూ చూస్తుంది, ఒక్కోసారి ముందుకాలు ఎత్తి నెమ్మదిగా ఊపుతుంది. మనకు టాటా చెబుతోందని పిల్లలు పొంగిపోతారు. నిజానికి అది "నీతో గొడవ నాకొద్దు" అన్న సైగ.

దీనికీ యూవీబీ తప్పదు. పిల్లగా ఉన్నప్పుడు తిండిలో ఎక్కువ భాగం పురుగులే, పెద్దయ్యాక ఎక్కువ భాగం ఆకులు. అంటే మొదటి ఏడాది ఇంట్లో కీచురాళ్ల డబ్బా ఉంటుంది. అవి రాత్రంతా కూస్తాయి, ఒకటో రెండో తప్పించుకుని మంచం కింద చేరతాయి. వాటిని ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరు ముందుకొస్తారో ఇప్పుడే అడగండి. చల్లటి నెలల్లో కొన్ని వారాల పాటు తిండి మానేసి పడుకోవచ్చు. అలవాటు లేనివాళ్లు చచ్చిపోయిందనుకుని హడలిపోతారు.

## లెపర్డ్ గెక్కో, తాబేలు

గెక్కో మన బల్లుల కోవలోదే, కానీ దీనికి కనురెప్పలున్నాయి, గోడలెక్కదు. చోటు తక్కువ ఉన్న ఇంటికి ఇది బాగుంటుంది. తోకలో కొవ్వు దాచుకుంటుంది కాబట్టి తోక లావును చూసి ఆరోగ్యం అంచనా వేయొచ్చు. గట్టిగా పట్టుకుంటే ఆ తోకే తెంపుకుంటుంది, మళ్లీ మొలిచేది పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. చిన్నపిల్లల చేతికి ఇవ్వకపోవడమే మేలు. సందెవేళ లేస్తుంది కాబట్టి రాత్రి తొమ్మిదింటికి పడుకునే పిల్లలకు అరగంట దర్శనమే. పెద్దవాళ్లు పని ముగించుకుని వచ్చి చూసుకోవడానికి మాత్రం చక్కగా కుదురుతుంది.

తాబేలు గురించి క్లుప్తంగా: హెర్మన్ తాబేలు లాంటి చిన్న జాతులు కూడా 50 ఏళ్లు దాటి బతకగలవు. ఆరుబయట ఎండ తగిలే నేల కావాలి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు దీని గురించి ఆలోచించొద్దు. పెరడు ఉన్నా, మీ తర్వాత ఎవరు చూస్తారో రాసి పెట్టుకునేంత సిద్ధపడితేనే.

## మీ ఇల్లు వీటిలో ఏది?

*పదేళ్ల పిల్లో పిల్లాడో అడుగుతున్న ఇల్లు.* లెక్క వేయండి. చదువుకని 18వ ఏట ఇల్లు వదిలితే ఇగువానాకు అప్పటికి ఎనిమిదేళ్లు, ఇంకా సగం జీవితం మిగిలే ఉంది. అది పిల్లల జంతువు కాదు, అమ్మానాన్నల జంతువు. వాళ్లకు ఇష్టం లేకపోతే వద్దు. ఇక్కడ డ్రాగన్ సరైన జవాబు.

*కుక్క గానీ పిల్లి గానీ ఇప్పటికే ఉన్న ఇల్లు.* ఇగువానాను ఎప్పటికీ విడి గదిలో, తలుపు వేసి ఉంచగలిగితేనే. "అలవాటైపోతాయిలే" అనే నమ్మకం మీద ఎవరి ప్రాణమూ పెట్టొద్దు.

*తరచూ ఊళ్లు తిరిగే ఇల్లు.* పెద్ద గెక్కో మంచినీళ్లు, వేడి సరిగా అమర్చి ఉంటే రెండు మూడు రోజులు గడిపేస్తుంది. ఇగువానాకు రోజూ ఆకులు కోసేవాళ్లు, తోక దెబ్బకు జడవని వాళ్లు కావాలి. అలాంటి చుట్టం మీకెవరైనా ఉన్నారా? నన్నడిగిన మిత్రుడికి నేను ఐదోవాణ్ని.

*కరెంటు ఆగే చోట ఉన్న ఇల్లు.* చలి రాత్రుల్లో వేడి దీపం ఆరిపోతే పెద్ద గూడు త్వరగా చల్లబడుతుంది. బ్యాకప్ లేకుండా ఇగువానా వద్దు.

*ఇంట్లో ఒక గది ఖాళీగా ఉండి, ఇద్దరు పెద్దలకూ జంతువును దూరం నుంచి చూస్తూ కూర్చోవడం ఇష్టమైన ఇల్లు.* ఇదే ఇగువానా ఇల్లు. ఇలాంటివి నేను చూసినవి తక్కువే.

కుదరకపోతే వదిలేద్దాంలే అన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఫ్లోరిడాను చూడండి. ఇగువానాల సొంత ఊరు మధ్య, దక్షిణ అమెరికాలు. ఫ్లోరిడాలో ఇవాళ కాలవగట్లను తవ్వేస్తున్న గుంపుల వెనక, పెంచుకోలేక బయటికి వదిలిన జంతువుల పాత్ర చాలా ఉంది. చలి ముదిరితే అవి కొయ్యబారిపోయి చెట్ల మీంచి రాలిపడతాయి. 2020 జనవరిలో మయామీ వాతావరణ కార్యాలయం "ఇగువానాలు రాలిపడొచ్చు" అని హెచ్చరిక కూడా ఇచ్చింది. 2021లో ఆ రాష్ట్రం వీటిని నిషిద్ధ జాతుల జాబితాలో చేర్చింది.

## ఖాళీ గూటి పరీక్ష

ఇదంతా చదివాక కూడా ఇగువానాయే అంటే, జంతువు కంటే ముందు గూడు తెండి. పెద్దదానికి సరిపడే గూడే కట్టించండి. దీపాలు, యూవీబీ ట్యూబులు, తేమ యంత్రం బిగించి, లోపల ఏ జీవీ లేకుండా నాలుగు వారాలు నడపండి. రాళ్లలాంటి వేడి పలకలు మాత్రం కొనొద్దు, పొట్ట కాలుతున్నా దానికి వెంటనే తెలీదు. పైన కొమ్మ దగ్గర ఒకటి, కింద మూలలో ఒకటి థర్మామీటర్లు పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు గళ్లు గీసిన ఒక పుస్తకంలో రాయండి. రోజూ పొద్దున ఏడింటికి ఒక గిన్నె ఆకులు తరిగి లోపల పెట్టి, సాయంత్రం తీసి పారేయండి. నీళ్ల తొట్టి కడగండి.

ఆ పుస్తకంలో పిల్లల చేతిరాత ఎన్ని రోజులు ఉందో, మీది ఎన్ని రోజులు ఉందో, ఎన్ని రోజులు ఖాళీగా ఉందో నాలుగో ఆదివారం కూర్చుని లెక్కపెట్టండి. ఖాళీ గళ్లు మూడు దాటితే గూటిని అమ్మేయొచ్చు, దానికి ఆకలేయదు.